సెలవు రోజున మోగకూడని సైరన్

శబ్దాన్ని కొలిచే వృత్తిలోకి కొత్తగా వస్తున్న మిత్రులారా, మీ చేతిలోని మీటరు అబద్ధం చెప్పదు. అయితే అది మీరు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది, అడగవలసిన ప్రశ్నకు కాదు. ఈ తేడా నాకు ఏ పాఠ్యగ్రంథంలోనూ దొరకలేదు. ఉద్యోగ విరమణకు కొద్దికాలం ముందు, బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఒక పాత ఫ్యాక్టరీ కప్పు మీద తుప్పుపట్టి కూర్చున్న సైరన్ దగ్గర దొరికింది.

నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. బెంగళూరులోని ఒక చిన్న ప్రయోగశాలలో గాలిని, నీటిని, చప్పుడును కొలిచి, ఇతరులు చెప్పుకొనే గొప్పలకు ఆధారం ఉందో లేదో తేల్చడం నా పని. ఈ పని ఏళ్ళ తరబడి చేసినవాడు నలుగురికీ ప్రియమైన మనిషిగా మిగలడు. ఒక సహోద్యోగి తన కూతురి పెళ్ళి కుదిరిందని మైసూర్‌పాక్ తెచ్చి, స్వచ్ఛమైన నేతితో చేయించానని చెప్పినప్పుడు, ఆ సంగతి ఎవరు నిర్ధారించారని నేను అడిగాను. ఆ తరువాత మా ప్రయోగశాలలో మిఠాయి డబ్బా నా బల్లను తప్పించుకుని చుట్టి వెళ్ళేది.

ఇక ఆ ఫ్యాక్టరీ సంగతి. అక్కడ ఒకప్పుడు లేత్ మెషీన్ల భాగాలు తయారయ్యేవి. అది మూతపడిన చాలా కాలానికి, వైట్‌ఫీల్డ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ స్థలం కొని గాజు భవనం కట్టుకుంది. పాత షెడ్లలో ఒకదాన్ని మాత్రం పడగొట్టకుండా, ఇటుక గోడలు బయటికి కనబడేలా గీకించి, ఉద్యోగుల క్యాంటీన్‌గా మార్చింది. సైరన్ ఆ షెడ్డు కప్పు మీద ఉంది. అది కరెంటుతో కాక, గాలితో మోగే రకం. కింద ఒక ఇనుప ట్యాంకులో గాలి నింపి, గోడ వెంట ఉన్న గొట్టానికి అమర్చిన వాల్వు తిప్పితే చాలు, ట్యాంకులో గాలి ఉన్నంతసేపూ కూస్తుంది.

కొత్త యాజమాన్యం మే ఒకటో తేదీన ఒక ఉత్సవం తలపెట్టింది. దానికి రెండు లక్ష్యాలు. ఆ స్థలంలో పనిచేసిన కార్మికుల చరిత్రను గౌరవించడం ఒకటి, పర్యావరణాన్ని పరిరక్షించడం రెండోది. రెండూ ఒకే పూటలో, అల్పాహారానికీ మధ్యాహ్న భోజనానికీ నడుమ పూర్తికావాలి. ముందు శబ్ద కాలుష్య నివారణ ప్రతిజ్ఞ, తరువాత పాత కార్మికులకు మైసూరు పేటా తలపాగాలతో సన్మానం, తలా ఒక మొక్క పంపిణీ, చివర చారిత్రక సైరన్ మోగించడం. ప్రతిజ్ఞ మొదటా, సైరన్ చివరా ఒకే ఆహ్వానపత్రికలో ఉన్నాయన్న విషయం అచ్చు అయ్యేదాకా ఎవరూ గమనించలేదు.

ఏర్పాట్లన్నీ మానవ వనరుల విభాగంలో పనిచేసే ఒక యువతి చేతిలో పెట్టారు. ఆమెది గుంటూరు వైపు. రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్, ఎప్పుడూ సగం తాగి వదిలేసిన కాఫీ కప్పు ఆమె వెంట ఉండేవి. చాలా మర్యాదస్తురాలు. ఆహ్వానపత్రికలోనూ బోర్డుల మీదా రాయబోయే ప్రతి మాటనూ బయటి ప్రయోగశాల చేత పరిశీలింపజేయాలని వాళ్ళ నియమమట. ఆ పని నాకు వచ్చింది.

మొదటి మాట దగ్గరే చిక్కు వచ్చింది. సైరన్ కింద పెట్టబోయే బోర్డులో, "దీని కూత యశ్వంతపురం వరకు వినిపించేది" అని ఉంది. ఆధారం అడిగాను. పాత కార్మికులను కొందరిని పిలిపించారు. మొదటి ఆయన యశ్వంతపురం అన్నాడు. రెండో ఆయన, అదేం దూరం, నెలమంగలలో మా అత్తగారు ఆ కూత విని పొయ్యి మీద ఎసరు పెట్టేదన్నాడు. మూడో ఆయన యాభై కిలోమీటర్ల అవతలి తుమకూరు వరకు తీసుకుపోయాడు. గాలి వాటం, కొమ్ము పరిమాణం, నడుమ ఉన్న కట్టడాలు లెక్కగట్టి, పక్కనే ఉన్న జాలహళ్ళి దాటి వినబడివుండడం అనుమానమేనని నేను చెప్పాను. అత్తగారి ఎసరు సంగతేమిటని రెండో ఆయన నిలదీశాడు. చివరికి బోర్డు మీద "ఎంతో దూరం" అని రాయించాను. అది ఎవరూ తప్పని నిరూపించలేని మాట కనుక, శాస్త్రీయంగా అంతకన్న పనికిమాలిన మాట లేదు.

ఆ రోజే సైరన్ పెద్దాయనను మొదటిసారి చూశాను. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ ఆ వాల్వు తిప్పినవాడు ఆయనే. మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబం. మాట రాయలసీమ యాసలో ఉండి, మధ్య మధ్య కన్నడం తొంగిచూసేది. ఆయన భార్య ప్రకాశం జిల్లా నుంచి నర్సుగా వచ్చి, అదే ఫ్యాక్టరీ ప్రథమ చికిత్స గదిలో పనిచేసి రిటైరైంది. అందరూ ఆమెను నర్సమ్మ అనే పిలిచేవారు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. మేం అన్నది ఆమె ఆయన చెవిలో తిరిగి చెప్పేది, తనకు నచ్చినంతవరకే.

దూరాల చర్చ అంతా విని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"యాడిదాకా వినబడిందో నాకొద్దు సారూ. ఇంగొక్క తూరి ఊదేకి ఇస్తారా లేదా, అది చెప్పండప్పా."

ఎందుకంత పట్టుదల అని అడిగాను. నర్సమ్మ వివరించింది. ఫ్యాక్టరీ మూసిన రోజు పని నడుస్తూండగానే ఎవరో ఆఫీసు నుంచి వచ్చి, మెషీన్లు ఆపండి, ఇళ్ళకు వెళ్ళండి అన్నారట. ట్యాంకులో గాలి నింపే కంప్రెసర్ గదికి తాళం వేశారట. షిఫ్టు ముగిసిందని చెప్పే పొడుగు కూత ఆ సాయంత్రం మోగలేదు.

"అప్పటినుంచి ఈయన లెక్కలో ఆ షిఫ్టు ఇంకా నడుస్తూనే ఉందండీ," అంది ఆమె. "ఇంట్లో ఏ పని చెప్పినా, డ్యూటీలో ఉన్నానంటాడు."

ఆయన అంతా విన్నట్టే తల ఊపాడు. "పిలిచినోడు పంపీయాల కదప్పా," అన్నాడు. "పొద్దున కూసి పిలిచింది నేనే. సాయంత్రం పంపీకపోతే ఎట్ల?"

ఆ సన్మానానికి రాబోయే పాత కార్మికులంతా ఎదురుచూసేది ఆ పొడుగు కూత కోసమేనని నాకప్పుడు అర్థమైంది. మొక్కలూ పేటాలూ వాళ్ళకు అక్కరలేదు. అయితే ఒక ప్రమాదం ఉంది. ఆ షెడ్డు కప్పు మీద సౌర ఫలకాలు పరచాలని కంపెనీ నిర్ణయించింది. మే రెండో తేదీన క్రేన్ వస్తుంది. సైరన్‌ను మోగించడానికి అనుమతి ఉంటే చారిత్రక వస్తువుగా ఉంచుతారు. లేకుంటే దించి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తారు. దీన్ని తేల్చే కొలత నాది.

అనుమతి ఇచ్చే కార్యాలయం ఒకే షరతు పెట్టింది. సైరన్ మోగినప్పుడు ప్రహరీ దగ్గర శబ్దం, ఆ సమయంలో పరిసరాల్లో సహజంగా ఉండే శబ్దాన్ని ఒక నిర్ణీత మోతాదుకు మించి దాటకూడదు. మోగిస్తే తప్ప దాటుతుందో లేదో తెలియదు. దాటదని తెలిస్తే తప్ప మోగించడానికి వీల్లేదు. ఈ చక్రంలో మేమంతా రెండు వారాలు తిరిగాం. ఆ యువతికి ఒక ఉపాయం తట్టింది.

"సర్, సైరన్ వద్దు. అంకుల్ నోటితో చేసి చూపిస్తారట. మీరు మీటర్ పెట్టి ఒక ఐడియా తీసుకోండి. జస్ట్ డెమో సర్."

నోటి కూతకు ప్రమాణంగా ఎలాంటి విలువా లేదని నేను లిఖితపూర్వకంగా చెప్పాను. చెప్పి, మీటరు మాత్రం పట్టుకెళ్ళాను. గాజు భవనం నాలుగో అంతస్తులో సమావేశ గది. పెద్దాయన లేచి, మంకీ టోపీ తీసి భార్య చేతికిచ్చి, రెండు చేతులూ బల్లకు ఆనించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. కింది స్థాయిలో మూలుగులా బయలుదేరి, మెల్లగా పైకి లేచి, అక్కడ నిలిచిపోయిన ఆ కూతను నేను ఈ జన్మలో మరిచిపోను. ఆయన కళ్ళు తెరిచేసరికి ఆ అంతస్తులో మేం తప్ప ఒక్కరూ లేరు. అగ్నిప్రమాద హెచ్చరిక అనుకుని, శిక్షణలో నేర్పినట్టుగానే లాప్‌టాప్‌లు వదిలి, మెట్ల మీదుగా దిగి, కింద గుర్తు వేసిన స్థలంలో వరుసగా నిలబడ్డారు. మీటరు వైపు చూశాను. పెద్దాయన కంఠం ఒక్కటే షరతును దాటిపోయింది. దీని ప్రకారం ఆయన్ను ఆ ఆవరణలోకి రానీయకూడదని ఆ యువతికి చెప్పాను. నేను పరిహాసమాడగలనన్న సంగతి ఆమె ఊహించలేదు. చాలాసేపు కంగారుపడింది.

ఈ సంఘటన విని అనుమతి కార్యాలయం వారే దిగివచ్చి, పరీక్ష కోసం మోగించుకోవచ్చని విడిగా అనుమతి ఇచ్చారు. పని రోజు మధ్యాహ్నం సైరన్ మోగించాం. తుమకూరు రోడ్డు మీద లారీలు, పక్కనున్న ప్రెస్ షాపులో రేకులు కోసే యంత్రాలు, ఎదుటి గోడౌన్‌లో లోడు దించే హమాలీల కేకలు. ఇన్నింటి నడుమ ప్రహరీ దగ్గర నా మీటరు ముల్లు పెద్దగా కదలనే లేదు. సైరన్ షరతుకు లోబడే ఉంది. అందరూ సంతోషించారు. ఆ యువతి నాకు కూడా ఒక మిఠాయి ముక్క ఇచ్చింది. దాని స్వచ్ఛత గురించి నేనేమీ అడగలేదు.

ఆ రాత్రి భోజనం చేస్తూండగా నాకొక అనుమానం వచ్చింది. మే ఒకటిన లారీలుంటాయా? ప్రెస్ షాపు నడుస్తుందా? పరిసరాల్లో ఆ సమయానికి సహజంగా ఉండే శబ్దం అని షరతు చెబుతోంది. పని రోజు కొలిచి సెలవు రోజుకు వర్తింపజేయడం ఎలా కుదురుతుంది? మరుసటి రోజు మా సహోద్యోగికి చెబితే, నీ సందేహానికి వారంలో ఒక్క రోజైనా సెలవు ఇవ్వవయ్యా అన్నాడు. అది మైసూర్‌పాక్ సహోద్యోగి. నేను ఆదివారం పరీక్షకు మళ్ళీ దరఖాస్తు పెట్టాను.

ఆదివారం నాటి పీణ్యను మీరు చూసి ఉండకపోవచ్చు. షట్టర్లు దించిన వీధిలో పక్షుల అరుపులు కూడా వినబడతాయి. సైరన్ అదే, గాలి అదే, వాల్వు తిప్పిన చెయ్యి అదే. ఒక్క డెసిబెల్ పెరగలేదు. పరిసరాలు మాత్రం నెమ్మదించాయి. షరతు బద్దలైంది.

తేలిందేమిటంటే, కార్మికులు పనిచేసే ప్రతి రోజూ ఆ సైరన్‌ను చట్టబద్ధంగా మోగించవచ్చు. వాళ్ళను గౌరవించే రోజున మోగించకూడదు. కాలుష్యం ఉన్నప్పుడు అది పర్యావరణానికి హానికరం కాదు. కాలుష్యం లేనప్పుడు హానికరం. నేను ఈ రెండు వాక్యాలనూ ఎన్నోసార్లు సరిచూశాను. వాటిలో తప్పు దొరకలేదు.

వెంటనే సమావేశం పెట్టారు. ఆ యువతి నా పట్టికలు చూసి, మృదువుగా అంది: "అంటే సర్, ప్రాబ్లమ్ సైరన్‌ది కాదు. చుట్టూ ఉన్న సైలెన్స్‌ది."

శాస్త్రీయంగా ఆ మాటను ఖండించలేకపోయాను. గాలి తగ్గించి మెల్లగా మోగించవచ్చునా అని ఒకరు అడిగారు. ప్రయత్నించాం. ఒక హద్దు కంటే తగ్గితే అది కూయదు, కుక్కరులా బుసకొడుతుంది. ముందురోజు మోగిద్దామని నేను సూచించాను. ముఖ్య అతిథికి వేరే రోజు కుదరదని, ఆహ్వానాలు వెళ్ళిపోయాయని అన్నారు. చివరికి ఎవరో, ఆ రోజు కూడా పరిసరాలు సందడిగా ఉండేలా చూస్తే సరిపోతుంది కదా అన్నారు. పక్కనున్న ప్రెస్ షాపును మే ఒకటిన నడిపించమని అడగాలని, వచ్చిన కార్మికులకు తలా ఒక మొక్క ఉచితంగా ఇవ్వాలని ప్రతిపాదన. నర్సమ్మ దాన్ని భర్త చెవిలో చెప్పింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"కార్మికుల పండగ చేసేకి కార్మికుల్ని పనికి పిలుస్తారా," అన్నాడు. "బాగుండాదప్పా మీ లెక్క. అది ఊదకపోయినా పర్వాలేదు, వాళ్ళను సుమ్మనె, నిమ్మళంగా ఇంట్లో ఉండనీండి."

ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది. దాని బదులు జెనరేటరు, ఎనిమిది లౌడ్‌స్పీకర్లు, డొళ్ళు వాయించే బృందం వచ్చాయి. ఇంత చిన్న సభకు ఎనిమిది లౌడ్‌స్పీకర్లు దేనికని నేను అభ్యంతరం చెప్పాను. సన్మానం పొందేవారికి వినికిడి తక్కువ కాబట్టి అన్నారు. ఆ మాటను నర్సమ్మ దగ్గర నిర్ధారించుకున్నాను. లేత్‌ల మధ్య బతికిన చెవులండీ, వీళ్ళలో సగానికి సగం మందికి నేను సూది గుచ్చబోతూ చెప్పిన మాట కూడా వినబడేది కాదంది. అభ్యంతరం వెనక్కి తీసుకోక తప్పలేదు. మీరు గమనించవలసిందేమిటంటే, ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ప్రతి మాటకూ ఆధారం ఉంది. ఆధారాలన్నీ కలిసి మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతున్నాయో మాత్రం ఎవరూ అడగలేదు.

మే ఒకటి ఉదయం నన్ను ప్రహరీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చేతిలో మీటరు, ఒళ్ళో ఒక పచ్చ జెండా. పరిసరాల శబ్దం చాలినంత పెరిగిందని మీటరు చూపగానే నేను జెండా ఎత్తాలి. అటు షెడ్డు గోడ దగ్గర నిలబడ్డ పెద్దాయన దాన్ని చూసి వాల్వు తిప్పాలి. జీవితమంతా శబ్దం తగ్గించమని చెప్పడానికి జీతం తీసుకున్నవాణ్ణి, అది ఎప్పుడు పెరుగుతుందా అని కాచుకుని కూర్చున్నాను.

నిశ్శబ్ద పరిసరాల ప్రతిజ్ఞను ఎనిమిది లౌడ్‌స్పీకర్లలో చదివించారు. మీటరు కొంత లేచింది. పేటాలు పెట్టారు, మొక్కలు పంచారు, డొళ్ళు మోగాయి. ఇంకా కొద్దిగా తక్కువ. ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది. ఆయన మంచి వక్త కాదు కాని గొంతు గట్టిది. ఆయన గొంతు పెంచినప్పుడల్లా మీటరు షరతు దగ్గరికి వచ్చేది, నీళ్ళు తాగడానికి ఆగినప్పుడల్లా పడిపోయేది. నేను తల అడ్డంగా ఊపడం చూసి ఆ యువతి వేదిక దగ్గరికి వెళ్ళి, ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం సేపు మాట్లాడమని ఆయనకు చీటీ అందించింది. ముఖ్య అతిథులు తమ జీవితంలో అలాంటి కోరిక ఎన్నడూ విని ఉండరు. ఆయన ముఖం వెలిగిపోయింది. చరిత్రలోకి, అక్కడి నుంచి ప్రపంచ చరిత్రలోకి వెళ్ళిపోయాడు. డొళ్ళవాళ్ళను కూడా వెనకనుంచి వాయించమన్నారు. మైకు ఆగినప్పుడు ఆగండి, అంతవరకు ఆగవద్దు అని వాళ్ళకు ఆజ్ఞ.

మీటరు చాలినంత చూపింది. జెండా ఎత్తాను.

పెద్దాయన వాల్వు తిప్పాడు. ఏమీ వినబడలేదు. నాకే వినబడలేదు, కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్ళ మాట చెప్పేదేముంది. సైరన్ మోగుతోందని మీటరును చూసి కూడా నేను ఖచ్చితంగా చెప్పలేకపోయాను. పెద్దాయన గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. అది అదురుతోందని నా వైపు సైగ చేశాడు. ఆ తరువాత కుర్చీల వైపు చూశాడు. అక్కడ ఎవరూ తల తిప్పలేదు. పేటాలు కిందికి జారుతుంటే సర్దుకుంటూ ప్రపంచ చరిత్ర వింటున్నారు. ఏళ్ళ తరబడి కోరుకున్నది చట్టబద్ధంగా, సక్రమంగా జరిగిపోతోంది. అది జరుగుతున్నట్టు ఆయన అరచేతికి తప్ప ఎవరికీ తెలియదు. ట్యాంకులో గాలి తరిగిపోతోంది. ఆయన ముఖం చూడలేక నేను మీటరు వైపు తల తిప్పుకున్నాను.

అప్పుడు జెనరేటరు దగ్గి, ఆగిపోయింది. పర్యావరణ దృష్ట్యా దానిలో డీజిల్ తక్కువ పోయించారని తరువాత తెలిసింది. మైకు మూగబోయింది. ఆజ్ఞ ప్రకారం డొళ్ళూ ఆగాయి.

సైరన్ ఒక్కటే మిగిలింది. సెలవు రోజున మూతపడ్డ పీణ్య మీదుగా, అడ్డం వచ్చే లారీ లేదు, రేకు కోసే యంత్రం లేదు, పొడుగ్గా, నిలకడగా అది సాగిపోయింది. నా మీటరు ప్రకారం ఆ క్షణం నుంచి అది చట్టవిరుద్ధం.

మొదట ముందు వరుసలో ఒకాయన లేచాడు. ఆయన లేవడం చూసి పక్కాయన, పక్కాయనను చూసి వెనకాయన. వినబడినవాళ్ళు విని లేచారు, వినబడనివాళ్ళు లేచినవాళ్ళను చూసి లేచారు. పేటాలతో, సంచులతో వరుసకట్టి గేటు వైపు నడిచారు. గేటు దగ్గర ఒక్కొక్కరూ ఆగి, సంచి నోరు తెరిచి సెక్యూరిటీ గార్డు ముందు పట్టారు. ఫ్యాక్టరీ రోజుల్లో బయటికి పోయే ప్రతి సంచినీ అక్కడ చూసేవారట. ఆ గార్డు ఈ మధ్యే ఒడిశా నుంచి వచ్చినవాడు. ఏం చెయ్యాలో తెలియక, ఒక్కొక్క సంచిలోకీ శ్రద్ధగా తొంగిచూసి, మొక్క ఉందని గమనించి, పొమ్మని తల ఊపాడు. వాళ్ళు వీధిలోకి వెళ్ళి, అక్కడ ఒక్కసారి నిలబడి, ఎందుకు వచ్చేశామా అన్నట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత పగలబడి నవ్వారు. అత్తగారి ఎసరు ఆయన నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కరూ తిరిగి లోపలికి రాలేదు.

ముఖ్య అతిథి ఖాళీ కుర్చీలను చూసి, ఇది కార్యక్రమంలో భాగమేనా అని ఆ యువతిని అడిగాడు. ఆమె, అవును సర్ అంది. ఆ ఒక్క మాటకు ఆధారం లేదు. నేను ఊరుకున్నాను.

గాలి అయిపోయి కూత సన్నగిల్లేదాకా పెద్దాయన వాల్వు మీద నుంచి చెయ్యి తీయలేదు. తరువాత దాన్ని మూసి, భార్యతో కలిసి ఆయనా గేటు దాటి వెళ్ళిపోయాడు. తన సంచి కూడా తెరిచి చూపించాడు.

మరునాడు ఉదయం నేను నివేదిక రాశాను. మీ శబ్దమాపన శిక్షణలో దాన్ని ఉదాహరణగా వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. జెనరేటరు నడుస్తున్నంతసేపూ సైరన్ షరతుకు లోబడి ఉంది. జెనరేటరు ఆగాక షరతును దాటింది. ఈ రెండు వేళలా సైరన్ శబ్దంలో మార్పు లేదు. జెనరేటరు, లౌడ్‌స్పీకర్లు, డొళ్ళు, ముఖ్య అతిథి విడివిడిగా ఎంత శబ్దం చేశారో కూడా రాశాను. వాటిని ఎవరూ అడగలేదు కాని, నా వృత్తిలో అడగనివి రాయకపోతే అడిగినవి అబద్ధాలవుతాయి. అందుచేత పనిదినాల్లో ఈ సైరన్‌ను మోగించడం సమ్మతం, సెలవు రోజుల్లో కాదు అని ముగించాను.

క్రేన్ అప్పటికే వచ్చి షెడ్డు పక్కన నిలబడింది. నేను ఆ కాగితం ఇవ్వడానికి వెళ్ళేసరికి పెద్దాయన, నర్సమ్మ కూడా అక్కడే ఉన్నారు. సైరన్‌ను దించుతుంటే చూడడానికి వచ్చారట. ఆ యువతి నివేదిక చివరి వాక్యం చదివి, ఎవరికో ఫోన్ చేసి, ఇంకెవరికో మెయిల్ పెట్టి, నవ్వు ముఖంతో మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. సైరన్‌ను ఉంచేస్తారట. సౌర ఫలకాలు దాని చుట్టూ పరుస్తారట. పనిదినాల్లో అనుమతి ఉంది కాబట్టి, ఇకనుంచి ప్రతి రోజూ మోగిస్తే ఉద్యోగులకు పాత చరిత్ర గుర్తుంటుందని పై నుంచి చెప్పారట. వాల్వు తిప్పడానికి అంకుల్ రావాలి. నిన్నటి పొడుగు కూతే, రోజూ సాయంత్రం.

నర్సమ్మ అంతా భర్త చెవిలో చెప్పింది. ఈసారి ఏదీ మినహాయించలేదనుకుంటాను, చాలాసేపు పట్టింది. ఆయన గాజు భవనం వైపు తలెత్తి చూశాడు. సెలవు మరునాడు కనుక అన్ని అంతస్తుల్లోనూ మనుషులున్నారు.

"నాకు వచ్చేకి ఏం అడ్డం లేదమ్మా," అన్నాడు. "పొడుగు కూతంటే పనైపోయింది, ఇంటికి పోండని. వీళ్ళ పని ఎప్పుడైపోతాదో చెప్పు. ఆ టయానికి వచ్చి ఊదుతా."

ఆ యువతి నోరు తెరిచింది. సాయంత్రం ఆరు అనబోయినట్టు నాకనిపించింది. కాని ఆమె నిజాయితీపరురాలు. ఈ ఉత్సవం కోసం తానే మూడు ఆదివారాలు, ఒక మే దినం పనిచేసింది. ఇంతలో ఆమె రెండు ఫోన్లూ ఒకదాని తరువాత ఒకటి మోగాయి. వాటిని చూసి, మమ్మల్ని చూసి, కనుక్కుని చెబుతానంది.

క్రేన్ వెనుదిరిగింది. ఆ వారంలోనే ఫలకాలు పరిచారు. నేను రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు నర్సమ్మకు ఫోన్ చేసి, ఏమైనా కబురొచ్చిందా అని అడుగుతూంటాను. ట్యాంకులో గాలి సిద్ధంగా ఉంది, అనుమతి చెల్లుబాటులో ఉంది, ఆయన ఆరోగ్యం బాగానే ఉంది. ఆ ఒక్క సమయం ఎప్పుడో మాత్రం ఇంకా ఎవరూ నిర్ధారించి చెప్పలేదు.